మావయ్య కారుకు తెల్ల లైట్లు

అప్పట్లో చీకటికి ఒక మర్యాద ఉండేది. పొద్దు గూకాక రోడ్డెక్కిన బండి తన ముందు నాలుగు బారల మేర పచ్చటి వెలుగు పరుచుకుని, మిగతా లోకాన్ని దాని మానాన దాన్ని వదిలేసి, నెమ్మదిగా పోయేది. ఎదురుగా మరో బండి కనిపిస్తే ఇటు వాడూ అటు వాడూ కూడా లైట్లు దించుకునేవారు. గుమ్మంలో ఎదురుపడ్డ వియ్యంకులు "ముందు మీరండీ" అంటే "అబ్బే, మీరేనండీ" అనుకున్నట్టుండేది ఆ వ్యవహారం. ఇప్పుడు గూడెం నుంచి ఏలూరు వెళ్ళే హైవే మీద ప్రతి బండీ మన మొహం మీద తెల్లటి వెలుగు గుమ్మరించి, దొంగని పట్టుకున్నట్టు నిలదీస్తుంది. ఎవడూ దించడు. ఈ తెల్ల వెలుగును మా ప్రాంతానికి మొదట తెచ్చినవాణ్ణి నేనేనని చెప్పుకుందామంటే నమ్మేవాళ్ళు లేరు. నమ్మేవాళ్ళు ఒక ఊళ్ళో మాత్రం ఉన్నారు. ఆ ఊళ్ళోవాళ్ళు నమ్మడమే కాదు, పదేళ్ళు దాటినా క్షమించలేదు కూడా. ఆ కథే ఇది.

నేను పెంటపాడువాణ్ణి. ఇంటరు దగ్గర చదువుతో తగాదా వచ్చి, గూడెంలో శెట్టిగారి మోటారు సామాన్ల కొట్టులో సేల్స్‌మన్‌గా కుదిరాను. కాలేజీ నన్ను వదిలేసింది గాని, నేను చదువును వదల్లేదు. పొద్దున్నే గ్రంథాలయం తలుపులు తీసేవేళకి మెట్ల మీద కూర్చుని ఉండేవాణ్ణి. కొట్టు తీసే వేళయ్యేదాకా వేదాంతం మొదలుకొని వానపాముల పెంపకం దాకా ఏది దొరికితే అది చదివేవాణ్ణి. చదివినదాన్ని కడుపులో దాచుకునే అలవాటు లేకపోవడం వల్ల, కొట్టుకి వచ్చినవాళ్ళకి వడ్డించేవాణ్ణి. ఆటో హారను కోసం వచ్చినాయనకి శబ్దతరంగాల గురించి చెప్పడం మొదలెడితే, శెట్టిగారు గల్లా పెట్టె వెనకనించి నీరసంగా అనేవారు: "ఒరే నాయనా, ఆయన హారనడిగాడురా. ధ్వని ఎలా పుట్టిందో అడగలేదు. ముందు హారనివ్వు, ఆయన వెళ్ళాక నాకు చెప్దువుగాని." (వెళ్ళాక చెప్పబోతే వినేవారు కాదు.) ఆ గ్రంథాలయంలో భౌతికశాస్త్రం పుస్తకమొకటి ఉండేది. అందులో కాంతి గురించిన అధ్యాయాన్ని నేను భక్తుడు సహస్రనామాలు చదివినట్టు చదివాను. దాని తరవాతి అధ్యాయం మాత్రం చదవలేదు. చదవకపోవడం నా తప్పు కాదు. ఎవరో పుణ్యాత్ముడు పరీక్షల కోసం ఆ పేజీలు చింపుకుపోయాడు. విషయసూచికలో దాని పేరు "కన్ను" అని ఉండేది. ఆ చింపినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో గాని, వాడు బాగుపడి ఉండడని నా నమ్మకం.

ఇక మా మావయ్య సంగతి. మా అమ్మకి అన్నయ్య, కొల్లేరు అంచున చేపల చెరువుల మధ్య ఉన్న ఊళ్ళో కాపురం. ఆయనకొక పాత అంబాసిడర్ ఉండేది. ఊళ్ళో పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ, ఆసుపత్రికీ, తెల్లారుగట్ల ఏలూరు స్టేషనుకీ అదే దిక్కు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలు సర్దుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడంటే కలెక్టరుగారు కూడా వెనక సీట్లో కాస్త ఒదిగి కూర్చోవలసిందే. మా అత్తయ్య ఆ కారుని "పెద్దావిడ" అనేది. "పెద్దావిడకి పొద్దున్నే స్నానం, పసుపు బొట్టు. నాకు కాఫీ ఎవరిస్తార్రా?" అని నాతో వాపోయేది. మావయ్య వినిపించుకోకుండా బానెట్టు తుడుచుకునేవాడు.

గట్ల మీద రోడ్డంటే మీరు ఊహించుకునే రోడ్డు కాదు. ఇటు చెరువు, అటు చెరువు, మధ్యలో బండి పట్టేంత మట్టి గట్టు. అక్కడ మనుషులకి బండి నంబర్లతో పనిలేదు. వెలుగు చూసి చెప్పేసేవారు. ఒంటి కన్నుతో ఊగుతూ వచ్చేది ఐసు లారీ. రెప్పలార్పుతూ వచ్చేది పాల వ్యాను. రెండు కళ్ళూ సమంగా, నిదానంగా, నెయ్యి దీపాల్లా వస్తున్నాయంటే "డ్రైవరుగారొస్తన్నారండోయ్" అని గట్టు దిగి నిలబడేవారు. మా మావయ్యకి ఆ ఊళ్ళో పేరు అదే, డ్రైవరుగారు. ఇంకో డ్రైవరు ఎవరైనా ఉంటే వాడు ఉత్త డ్రైవరు.

అలాంటి డ్రైవరుగారు ఒక ఏడాది ఆవుదూడని గుద్దాడు. మెల్లిగానే లెండి, దూడ లేచి తోకెత్తి పారిపోయింది. ఆ తరవాత మోటారు షెడ్డు గోడకి అద్దం రాసుకుంది. ఆ తరవాత గుడి అరుగు. మూడూ కుడివైపే, మూడూ చీకటిపడే వేళే. మా కొల్లేరు జనం మర్యాద ఎలాంటిదంటే, చెప్పవలసిన మాటని వాళ్ళు చెప్పరు. దాని పక్కనున్న మాట చెబుతారు. దూడ యజమాని వచ్చి, "ఏవండీ డ్రైవరుగారూ, మరోలా అనుకోకండి. మీ కారు లైట్లు ఈమధ్య కాస్త డిమ్ముగా ఉంటన్నాయేమోనండి" అన్నాడు. షెడ్డు యజమాని, "ఆయ్, నేనూ చూశానండి, కుడిది మరీ డిమ్మండి" అన్నాడు. ఎప్పుడూ ముందు సీట్లో కూర్చుని ప్రయాణం చేసే పాస్టరుగారైతే, అరుగుకి గుద్దినప్పుడు పక్కనే ఉన్న మనిషి, కారు దిగి హెడ్‌లైటుని తన జేబురుమాలుతో తుడిచి, "దుమ్ము పట్టిందండీ పాపం" అన్నారు. మావయ్య కూడా, "అవునండీ, బల్బులు పాతబడ్డాయండి" అన్నాడు. ఊరంతా ఒక మాట మీదికి వచ్చింది. డ్రైవరుగారి కారుకి లైట్లు తగ్గాయి. ఇక ఆ విషయం మీద చర్చ లేదు.

నేను శలవు పెట్టి ఆ ఊరు వెళ్ళినప్పుడు అత్తయ్య వంటింట్లో నాకు చేపల పులుసు వడ్డిస్తూ గొంతు తగ్గించి చెప్పింది: "ఒరేయ్ అబ్బాయ్, తెల్లారుగట్ట స్టేషను బేరాలకి ఒకళ్ళొకళ్ళే మానేస్తన్నార్రా. అడిగితే ప్రయాణం లేదంటారు. చూస్తే అవతల వీధిలో ఎవడో కొత్త కారు కొన్నాడంట, అందులో పోతన్నారు. చీకటి బేరాలు పోతే ఇంకేముంటాయిరా? పెద్దావిణ్ణి అమ్మేస్తే మీ మావయ్య బతకడు. నువ్వు మోటారు కొట్లో పనిచేస్తన్నావు గదా, ఆ లైట్ల సంగతేదో చూద్దూ." అప్పుడు నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. లోకంలో ఇంతమంది ఉండగా, కాంతి గురించి పుస్తకం చదివిన మేనల్లుడు ఒక్కడుండటం, ఆ ఇంటికే లైట్ల కష్టం రావడం! ఇది కాకతాళీయం కాదనుకున్నాను. పులుసు చేత్తోనే వాగ్దానం చేశాను: "అత్తయ్యా, నీకెందుకు. మావయ్య రోడ్డు మీద చీమని కూడా చూసి తప్పించేలా చేస్తాను."

ఎల్.ఈ.డీ. హెడ్‌లైటు బల్బులు అప్పుడప్పుడే దిగుతున్నాయి. శెట్టిగారు ఎవరో ఏజెంటు మాట విని ఒక పెట్టె తెప్పించి, ఎవరూ కొనకపోతే దాని మీద కూర్చుని భోంచేస్తున్నారు. నేను ఒక జత అడిగాను. "ఏ బండికిరా?" అన్నారు. చెప్పాను. "అంబాసిడర్‌కి ఇదెందుకురా? ముసలాయనకి జీన్సు ప్యాంటు తొడిగినట్టుంటుంది" అన్నారు. నేను ఊరుకుంటానా? పాత బల్బు కరెంటుని సగం పైగా వేడికింద తగలేస్తుందనీ, ఇది వెలుగుకింద మారుస్తుందనీ, దీని వెలుగు ఎక్కువ కెల్విన్లు గనక మధ్యాహ్నపుటెండలా తెల్లగా ఉంటుందనీ వివరించాను. శెట్టిగారు చేతులు జోడించి, "తీసుకుపోరా బాబూ, పెట్టె ఖాళీ అయితే నాకు కూర్చోడానికి కుర్చీ కొనుక్కుంటాను" అన్నారు. ఊళ్ళో అత్తయ్యకీ అదే ఉపన్యాసమిచ్చాను. ఆవిడ శ్రద్ధగా విని, "కెల్విన్ అంటే ఎవర్రా? పాస్టరుగారి తాలూకానా?" అంది.

బిగించడం అనుకున్నంత తేలిక కాలేదు. పాత గుండ్రటి లైటు లోపల పాత బల్బుకని చేసిన గిన్నె ఉంటుంది. బల్బు వెలుగు ఆ గిన్నెకి తగిలి, అది ముందుకి తోస్తుంది. కొత్త బల్బుకి వెనకాల వేడి లాగే చిన్న ఫ్యానొకటి తోకలా ఉండటంతో, లైటు వెనక మూసే రబ్బరు టోపీ పట్టలేదు. టోపీకి కంత చేశాను. కొత్త బల్బులో వెలిగే దీపం గింజలు రెండూ కుడి ఎడమలకి చూసేలా తిప్పకపోతే వెలుగు ఆకాశానికి పోతుందని చదివి ఉన్నాను గనక అలాగే తిప్పాను. సాయంత్రం కారుని రైసుమిల్లు గోడ ముందు నిలబెట్టి, గోడ మీద ముగ్గుపిండితో గీతలు గీసి, వెలుగు గీత దాటకుండా మరలు సరిచేశాను. ఇంతవరకూ నా పని గురించి ఇప్పటికీ ఎవరూ వంక పెట్టలేరు. మిల్లు గోడ పట్టపగల్లా మెరిసింది. అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. మావయ్య తువ్వాలు సర్దుకుని, స్టీరింగు ముందు కూర్చుని, గోడకేసి చూసి అన్నాడు: "బాగుందిరా అల్లుడూ. కాపోతే కుడిది కాస్త డిమ్ముగా ఉంది."

నేను దిగి చూశాను. రెండూ సమానంగానే వెలుగుతున్నాయి. అయినా పెద్దాయన మాట గనక కుడి బల్బు ఎడమకీ, ఎడమది కుడికీ మార్చాను. "ఇప్పుడు చూడండి మావయ్యా" అన్నాను. "ఎడమది అదిరిందిరా. కుడిదే..." అన్నాడు. పాఠకులారా, మీలో బుద్ధిమంతులకి ఈపాటికి సంగతి తెలిసిపోయి ఉంటుంది. బల్బు మారినా లోపం మారలేదంటే లోపం బల్బులో లేదు. ఏ సైన్సు పుస్తకమైనా మొదటి పాఠంలో నేర్పేది ఇదే. అదే సూత్రం మీద నేను గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని తోటి పాఠకులకి ఉపన్యాసం కూడా ఇచ్చి ఉన్నాను. కాని ఆ సాయంత్రం ఆ సూత్రాన్ని ఉపయోగించి నేను తేల్చినదేమిటంటే, కుడివైపు వైరులో నిరోధం ఎక్కువగా ఉందని! వైరు మార్చాను. మావయ్య మళ్ళీ చూసి, నా ముఖం చూసి, పాపం నా కష్టం చూళ్ళేక, "ఆ, ఇప్పుడు సరిపోయింది" అన్నాడు. ఆయనా ఆ ఊరివాడే కదా.

ప్రారంభోత్సవం మర్నాడు, దీపాలు పెట్టే వేళ. అత్తయ్య బానెట్టు మీద కొబ్బరికాయ తిప్పి కొట్టింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. (పెద్దావిడకి అన్ని మతాలూ ఒకటే.) మావయ్య స్టీరింగు దగ్గర, పక్కన పాస్టరుగారు, వెనక నేనూ, అత్తయ్యా. వెనకాల సైకిళ్ళ మీదా, మోటారు సైకిళ్ళ మీదా సగం ఊరు. గట్టెక్కి మావయ్య స్విచ్చి నొక్కేసరికి, చెరువుల మధ్య తెల్లటి దారి ఒకటి పుట్టింది. గట్టు మీద గడ్డిపోచ గడ్డిపోచా కనిపిస్తోంది. నీళ్ళలో చేప ఎగిరితే పొలుసు మెరుస్తోంది. "దేవునికి స్తోత్రం" అన్నారు పాస్టరుగారు. నా ఛాతీ వెనక సీటు పట్టనంత అయింది.

మొదటి ఇబ్బంది కాస్త దూరం పోయాక వచ్చింది. ఒక చెరువు కాపలా పాక దగ్గర నలుగురు పెద్దమనుషులు పేకాట వేసుకుంటున్నారు. రోజూ అయితే నెయ్యి దీపాల్లాంటి మా వెలుగు చూసి, డ్రైవరుగారే కదా అని ముక్క దించేవారు కాదు. ఇంత తెల్ల వెలుగు ఆ గట్టు ఎన్నడూ చూడలేదు. వాళ్ళు పోలీసు జీపే అనుకుని, ముక్కలు గాల్లోకి విసిరి, పంచెలతో సహా చెరువులోకి దూకేశారు. మేం దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళలో నాలుగు తలకాయలు తామర మొగ్గల్లా తేలుతున్నాయి. అందులో ఒకాయన అద్దంలోంచి పాస్టరుగార్ని గుర్తుపట్టి, పీకల్లోతు నీళ్ళలోంచే చేతులెత్తి, "వందనాలండీ" అన్నాడు. పాస్టరుగారు ప్రతివందనం చేశారు. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. మావయ్య కడుపుబ్బ నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను చూడ్డం అదే ఆఖరు.

పేకాట పాక దాటాక గట్టు వెడల్పవుతుంది. అక్కడ చేపలు ఎక్కించే చోటు. ప్లాస్టిక్కు ట్రేలు రోడ్డుకి బాగా కుడిపక్కన, గట్టు అంచున, మనిషెత్తున పేర్చి ఉన్నాయి. ఎర్రటి ట్రేలు. తెల్ల వెలుగులో దసరా బొమ్మల కొలువులా ధగధగలాడుతున్నాయి. నేను చూశాను, అత్తయ్య చూసింది, పాస్టరుగారు చూశారు, వెనకాల సైకిళ్ళ వాళ్ళు చూశారు. చూసి అందరం, మావయ్య కూడా చూశాడనుకున్నాం. ఆయన నిదానంగా, నిబ్బరంగా, పెళ్ళికొడుకుని ఊరేగిస్తున్నంత ఠీవిగా కారుని తీసుకెళ్ళి ఆ ట్రేల మీదికి ఎక్కించాడు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ట్రేలు మాత్రం ఒకదాని వెనకొకటి దొర్లుకుంటూ పోయి చెరువులో పడి, తెల్ల వెలుగులో తెప్పల్లా తేలాయి. ఇంజను ఆగిపోయింది. లైట్లు ఆగలేదు. ఆ లైట్లు ఆరిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని తరవాత ఎన్నిసార్లు అనుకున్నానో! జనం చుట్టూ మూగారు గాని ఎవరి నోటా మాట లేదు. ఇన్నాళ్ళూ ఊరందరినీ ఆదుకున్న ఆ ఒక్క మాటని నేను ముందు రోజు సాయంత్రమే మిల్లు గోడ దగ్గర ఊడబెరికేశాను. "లైట్లు డిమ్ముగా ఉన్నాయండి" అనడానికి లేదు. చీమ కూడా కనిపిస్తోంది. పాస్టరుగారు దైవసేవకుడు గనక మళ్ళీ ఆయనే సాహసించారు: "ట్రేలు... కాస్త రోడ్డు మీదికి పెట్టేశారండీ వీళ్ళు." ట్రేల తాలూకు మనిషి పక్కనే ఉన్నాడు. నోరు విప్పి కాదనగలడు. కాని అతను తలొంచుకుని, "ఆయ్, మాదే పొరపాటండి డ్రైవరుగారూ. రోడ్డు మీదికే పెట్టేశామండి" అన్నాడు.

అక్కడితో అయిపోయేది. ఇంకో ఏడాది ఆ ఊరు ట్రేలని తిట్టుకుంటూ గడిపేసేది. కాని ఆ గుంపులో పుస్తకాలు చదివినవాడొకడు ఉన్నాడు. సత్యం కళ్ళెదుట ఉండగా అబద్ధమాడటం వాడు చదివిన ఏ పుస్తకమూ ఒప్పుకోలేదు. "లేదండీ, ట్రేలు పక్కకే ఉన్నాయి" అన్నాను గట్టిగా. "మావయ్యా, ఇంత వెలుగులో మీకవి కనపళ్ళేదా?"

కారు దిగి కుడిపక్క కిటికీ దగ్గర నిలబడ్డ నాకేసి చూశాడు మావయ్య. చూడ్డానికి తలంతా కుడివైపుకి తిప్పవలసి వచ్చింది ఆయనకి. అది కూడా నేను అప్పుడే గమనించాను. స్విచ్చి కోసం తడుముకుని లైట్లు ఆర్పేశాడు. "దిగండి. నడిచిపోదాం" అన్నాడు. ఊరంతా ఆ మసక చీకట్లో కారుని వెనకాల వదిలేసి, శవాన్ని సాగనంపి వస్తున్నట్టు నడిచి వచ్చాం. అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని నడిచింది. చీకట్లో గట్టు మీద ఆవిడకి భయమని పైకి అంది.

ఏలూరులో కళ్ళ డాక్టరమ్మ చాలాసేపు చూసింది. నీటికాసులంది. కంట్లో ఒత్తిడి పెరిగి, నరం మెల్లిగా చచ్చిపోతుందట. పక్క చూపు ముందు పోతుందట. నొప్పుండదట, మనిషికే తెలియదట. కుడి కన్ను చాలావరకూ పోయింది, ఎడమది మందు చుక్కలు మానకుండా వేస్తే నిలుస్తుంది, బండి మాత్రం ఇక నడపకూడదు అని, అందరు డాక్టర్లూ చెప్పేటట్టే, "కాస్త ముందొచ్చి ఉంటే" అంది. అప్పుడు నాకు ఆ ఊరి మర్యాద మీద ఎంత కోపం వచ్చిందో! దూడని గుద్దిన రోజునే ఒక్కడు, ఒకే ఒక్కడు, "ఏవండీ, మీకు కళ్ళు కనిపించట్లేదు" అని మొరటుగా అని ఉంటే! జేబురుమాలుతో అద్దం తుడిచిన చెయ్యి ఆయన్ని ఏలూరు బస్సెక్కించి ఉంటే! నేనీ ఆవేశంలో ఉండగా డాక్టరమ్మ మావయ్యనడిగింది: "ఎప్పట్నించి ఇలా ఉందండీ?"

మావయ్య ఒక్క క్షణం తడుముకోకుండా, "లైట్లు మార్చిన కాణ్ణించండి" అన్నాడు.

అత్తయ్యకేసి చూశాను. నా పులుసు చేతి వాగ్దానం విన్న అత్తయ్య. ఆవిడ చూపు తప్పించి, పమిట సవరించుకుని, "ఔనండి. వీడే మార్చాడండి. తెల్లవి" అంది. డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. అలాంటి వెలుగుకి ఈ జబ్బు రాదని చెప్పింది, నిజమే. కాని ఆ మాట ఆ గది దాటి బయటికి రాలేదు.

బయటికి వచ్చింది వేరే మాట. వారం తిరక్కముందే మా పెంటపాడు దాకా కూడా వచ్చింది. మేనల్లుడు ఏవో తెల్ల లైట్లు తెచ్చి బిగించాడు, ఆ దెబ్బకి డ్రైవరుగారి కళ్ళు పోయాయి. "ఎంత వెలుగండీ బాబూ, నేను వెనకాల సైకిలు మీదున్నాను, నాకే మూడ్రోజులు మసకలు" అని ఒకడు. "పాపం ఆయనకి అంతకుముందు సూదిలో దారం ఎక్కించేంత చూపండి" అని దూడ యజమాని. అదే దూడ యజమాని! ఊరంతా మళ్ళీ ఒక మాట మీదికి వచ్చింది. ఈసారి మాట ఖరీదు ఒక బయటూరి కుర్రాడి పరువే గనక ఎవరికీ నొప్పి లేదు. ఆ ఊళ్ళో నా పేరు ఈనాటికీ "తెల్ల లైట్లబ్బాయి". మా అమ్మ కూడా చాలాకాలం, "చదివితే చదివావు, మా అన్నయ్య కారే దొరికిందా నీకు?" అనేది. నాకు చూడబోయిన ఒక సంబంధం వాళ్ళు ఆ పక్క ఊరివాళ్ళు. "కుర్రాడు మంచివాడేనండీ, కాపోతే ప్రయోగాలు చేస్తాడంటన్నారు" అని మర్యాదగా తప్పుకున్నారు.

ఇంకో ముచ్చట. నేను ఈ అవమానంతో తలెత్తుకోలేక కొట్టు మానేసిన కొన్నాళ్ళకి, శెట్టిగారు కొట్టు ముందు కొత్త బోర్డు పెట్టారు. "కళ్ళకు హాని చేయని ఎల్.ఈ.డీ. లైట్లు ఇచ్చట లభించును." జనం విరగబడి కొన్నారు. ఆ బల్బులే! నేను మోసుకెళ్ళగా పెట్టెలో మిగిలినవే! ఎదురుపడి అడిగితే శెట్టిగారు నవ్వి, "నీ పుణ్యమేరా. హాని చేసేవి కూడా ఉంటాయని నువ్వు ప్రచారం చేశాకే కదా, చెయ్యనివి అమ్ముడుపోయింది" అన్నారు. తరవాత తణుకులో కూడా కొట్టు పెట్టారు. నేను ఇన్సూరెన్సు ఏజెంటునయ్యాను. వెలుగు గురించి ఎవరితోనూ మాట్లాడటం మానేశాను. పుస్తకాలు మాత్రం మానలేదు. చేతకాలేదు.

మావయ్య ఆ తెల్ల లైట్లు ఊడదీయించి పాత బల్బులే పెట్టించుకున్నాడు. కారు అమ్మనివ్వలేదు. పెద్దావిడ పెరట్లో చెట్టు నీడన నిలబడిపోయింది. పొద్దు గూకేవేళ ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తువ్వాలు సర్దుకుని వెళ్ళి స్టీరింగు ముందు కూర్చునేవాడు. స్విచ్చి నొక్కి, ఎదురుగా పేడకుప్ప మీద పడిన ఆ పచ్చటి వెలుగు చూసుకుంటూ కాసేపుండి, బ్యాటరీ దిగిపోతుందని ఆర్పేసి వచ్చేవాడు. అత్తయ్య క్రమం తప్పకుండా చుక్కలు వేసింది. ఎడమ కన్ను చివరిదాకా నిలిచింది. ఆ నిలిచిన కంటితోనే నన్ను చూసి మొహం తిప్పుకునేవాడు. పెళ్ళిళ్ళలో కలిస్తే, "ఏరా, బాగున్నావా?" అనేవాడు. "అల్లుడూ" అని మాత్రం అనేవాడు కాదు.

ఆయన చనిపోవడానికి ముందు ఏడాది, ఒకసారి వెళ్ళాను. అత్తయ్య ఇంట్లో లేదు. మావయ్య కార్లో ఉన్నాడు. పక్క సీటు తలుపు తీసి ఉంది. వెళ్ళి కూర్చున్నాను. ఇద్దరం పేడకుప్పకేసి చూస్తూ కూర్చున్నాం. తరవాత ఆయన తల తిప్పకుండానే అడిగాడు: "ఒరేయ్, ఆ రోజు ట్రేలు... పక్కకే ఉన్నాయంట్రా?"

"ఉన్నాయి మావయ్యా."

"ఊ" అన్నాడు. తువ్వాలుతో స్టీరింగు తుడుస్తూ, "దూడ కూడా పక్కకే ఉందిలే" అన్నాడు. తరవాత, కోపంగానూ కాదు, నవ్వుతూనూ కాదు, "మరీ అంత వెలుగెందుకేశావురా అల్లుడూ" అన్నాడు.

ఇది మొన్నటి మాట. నేనూ మా ఆవిడా ఏలూరులో పెళ్ళి చూసుకుని ఇంటికి వస్తున్నాం, దీపాలు పెట్టే వేళ. పెంటపాడు కాలవ వంతెన దగ్గర బండి కుడి అంచు పిట్టగోడకి రాసుకుంది. పెద్ద దెబ్బేం కాదు, రంగు పోయింది. దిగి చూశాను. నాది కొత్త బండి, కొన్నప్పుడే తెల్ల లైట్లతో వచ్చింది. వంతెన మీద చీమల బారు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. మా ఆవిడ కూడా దిగి గోడకేసి చూసింది, బండికేసి చూసింది, నాకేసి చూసింది. తరవాత చాలా మెల్లిగా, చాలా మెత్తగా అంది: "ఏవండీ, ఈమధ్య మన బండి లైట్లు కాస్త డిమ్ముగా ఉంటన్నాయేమోనండి."

నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ ఊరిని నేను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఒక్కడైనా మొరటుగా అని ఉంటే అని రగిలిపోయిన కుర్రాడూ గుర్తొచ్చాడు. ఇప్పుడు ఆ మొరటు మాట నాతో ఎవరైనా అంటే నేను తట్టుకుంటానా? ఏమో.

"ఔనే, నేనూ అదే అనుకుంటున్నాను" అన్నాను. "రేపు పొద్దున్నే ఏలూరు వెళ్ళి చూపించుకోవాలి."

"ఆయ్, నేనూ వస్తానండి" అంది. దేన్ని చూపించాలో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. తాళాలు మాత్రం ఆవిడ చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను.